పాత ఎస్‌ఎంపీఎస్‌, కొత్త కంప్యూటర్‌: పొదుపు ఎంత, ప్రమాదం ఎంత?

బిలాస్‌పూర్‌: ఇంట్లోని కంప్యూటర్‌ మందగించినప్పుడు మదర్‌బోర్డు, ప్రాసెసర్‌, మెమరీ మార్పించి, పాత క్యాబినెట్‌నూ అందులోని విద్యుత్‌ సరఫరా పెట్టెనూ అలాగే ఉంచుకోవడం మధ్యతరగతి కుటుంబాలలో సర్వసాధారణం. 2025 అక్టోబరు 14తో విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ సాధారణ మద్దతు ముగియడంతో పాత యంత్రాలను మార్చుకోవలసిన అవసరం మరిన్ని ఇళ్లకు వచ్చింది. ఫ్యాను తిరుగుతున్నంత కాలం ఆ పెట్టెను ఎవరూ అనుమానించరు. అయితే కంప్యూటర్‌లో ఇంటి విద్యుత్తును నేరుగా అందుకునే భాగం అదొక్కటే. అది సక్రమంగా పనిచేయకపోతే దానికి తగిలించిన ప్రతి భాగానికీ ముప్పే. వైరింగు బలహీనంగా ఉన్న ఇంట్లో మనుషులకూ ముప్పే.

ఎస్‌ఎంపీఎస్‌ అనే పేరుతో అందరూ వ్యవహరించే ఈ పెట్టె ఎన్నేళ్లు నమ్మదగినది, పాతదానిని కొత్త మదర్‌బోర్డుకు తగిలిస్తే ఏమవుతుంది, కొత్తదని కొన్న ప్రతిదీ క్షేమమేనా అన్న ప్రశ్నలకు సమాధానం దాని పనితీరులోనే ఉంది.

రైల్వే పట్టణంలో పాత యంత్రాలు

1887లో ఏర్పడిన బెంగాల్‌ నాగ్‌పూర్‌ రైల్వే తన మార్గాన్ని విస్తరించుకుంటూ వచ్చిన కాలంలో బిలాస్‌పూర్‌ ప్రధాన కూడలిగా ఎదిగింది. ఆ రైల్వేకు వారసురాలైన ఆగ్నేయ రైల్వేలో వాల్తేరు, ఖరగ్‌పూర్‌, బిలాస్‌పూర్‌ ప్రాంతాలు చాలాకాలం ఒకే జోన్‌ కింద ఉండేవి. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఉద్యోగరీత్యా వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా స్థిరపడడానికి అదొక ముఖ్య కారణం. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి, బిలాస్‌పూర్‌ దాని ప్రధాన కేంద్రమయింది.

బదిలీలతో సాగే జీవితంలో వస్తువును పారవేయడం కంటే వెంట తీసుకువెళ్లడమే అలవాటు. పిల్లల చదువు కోసం ఎప్పుడో కొన్న కంప్యూటర్‌ ఒక క్వార్టరు నుంచి మరో క్వార్టరుకు మారుతూ, కొన్నాళ్లు అటక మీద ఉండి, మనవల కాలంలో మళ్లీ కిందికి దిగుతుంది. ఈ పొదుపు తప్పు కాదు. అయితే ఎస్‌ఎంపీఎస్‌ విషయంలో రెండు పరిస్థితులను గమనించాలి. మొదటిది ఎండ. ఛత్తీస్‌గఢ్‌ మైదాన ప్రాంతంలో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ సమీపానికి చేరడం అరుదు కాదు. రెండవది వర్షాకాలపు పిడుగులు, వాటితో పాటు విద్యుత్‌ తీగలలో వచ్చే హెచ్చుతగ్గులు. ఈ రెండూ ఆ పెట్టె ఆయుష్షును హరించేవే.

పెట్టెలో జరిగే పని

ఇంటికి వచ్చే విద్యుత్తు 230 వోల్టుల ఏకాంతర ప్రవాహం. కంప్యూటర్‌కు కావలసింది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ ప్రవాహం. తలపై ఉన్న తీగ నుంచి 25,000 వోల్టులు అందుకునే రైలింజను ఆ విద్యుత్తును నేరుగా మోటార్లకు ఇవ్వదు. ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించి, మోటారుకు తగిన రూపంలోకి మార్చి ఇస్తుంది. కంప్యూటర్‌లో ఎస్‌ఎంపీఎస్‌ చేసే పని కూడా అటువంటిదే.

పని జరిగే తీరులో మాత్రం ఒక విశేషం ఉంది. ఎస్‌ఎంపీఎస్‌ మొదట 230 వోల్టుల ఏకాంతర ప్రవాహాన్ని ఏకముఖంగా మార్చి, దాదాపు 325 వోల్టుల స్థాయిలో పెద్ద కెపాసిటర్లలో నిల్వ చేస్తుంది. ఆ తరువాత ట్రాన్సిస్టర్లు దానిని సెకనుకు వేలాది పర్యాయాలు కలుపుతూ, విడదీస్తూ ఉంటాయి. ఇంత వేగంగా మారే ప్రవాహానికి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ సరిపోతుంది. దాని నుంచి వచ్చిన తక్కువ వోల్టేజీని మళ్లీ ఏకముఖంగా మార్చి, ఇంకొన్ని కెపాసిటర్లతో వడకట్టి మదర్‌బోర్డుకు పంపుతారు. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లతో బరువుగా ఉండే పాత పద్ధతి స్థానంలో ఈ విధానాన్ని అనుసరించిన తొలినాటి వ్యక్తిగత కంప్యూటర్లలో 1977 నాటి ఆపిల్‌ 2 ముఖ్యమైనది.

కంప్యూటర్‌ భాగాలు వోల్టేజీలో చిన్న మార్పునే సహిస్తాయి. ప్రమాణాల ప్రకారం ప్రధాన వోల్టేజీలలో తేడా 5 శాతానికి మించరాదు. అంటే 12 వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6 వరకు, 5 వోల్టుల తీగలో 4.75 నుంచి 5.25 వరకు మాత్రమే అనుమతి ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు ఈ హద్దులో నిలిచిన పెట్టె పదేళ్ల తరువాత కూడా అలాగే నిలుస్తుందన్న హామీ లేదు.

వార్ధక్యం మొదలయ్యేది కెపాసిటర్లలో

ఎస్‌ఎంపీఎస్‌లో ముందుగా అరిగేవి రెండు: ఫ్యాను, ఎలక్ట్రోలైటిక్‌ కెపాసిటర్లు. ఈ కెపాసిటర్ల లోపల ద్రవరూపంలో ఎలక్ట్రోలైట్‌ ఉంటుంది. వేడికి అది క్రమంగా ఆవిరవుతుంది. ద్రవం తగ్గిన కొద్దీ నిల్వ శక్తి క్షీణించి అంతర్గత నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే మరింత వేడి పుడుతుంది. ఆ వేడి మిగిలిన ద్రవాన్ని ఇంకా త్వరగా హరిస్తుంది. అందుచేత క్షీణత మొదట నెమ్మదిగా సాగి, చివరిలో ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. నిన్నటి వరకు బాగా నడిచిన యంత్రం ఈ రోజు హఠాత్తుగా ఆగిపోవడానికి కారణం ఇదే.

ఉష్ణోగ్రత ప్రభావాన్ని అంచనా వేయడానికి ఇంజనీర్లు ఒక స్థూల సూత్రాన్ని పాటిస్తారు. ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకు కెపాసిటర్‌ ఆయుష్షు రెట్టింపవుతుంది, ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు సగమవుతుంది. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేసేలా తయారైన కెపాసిటర్‌ 65 డిగ్రీల వద్ద సుమారు 32,000 గంటలు మన్నుతుంది. రోజుకు 8 గంటల వాడకంతో అది దాదాపు 11 ఏళ్లు. గది వేడెక్కి పెట్టె లోపలి ఉష్ణోగ్రత 75 డిగ్రీలకు చేరితే అదే కెపాసిటర్‌ 16,000 గంటలకు, అంటే అయిదున్నర ఏళ్లకు పరిమితమవుతుంది. కంప్యూటర్‌ను గోడకు ఆనించి, దుమ్ము పట్టిన జాలీతో, గాలి ఆడని బల్ల కింద ఉంచే ఇళ్లలో ఈ లెక్క మరింత ప్రతికూలంగా ఉంటుంది.

వాడకుండా దాచిన పెట్టె భద్రంగా ఉందనుకోవడమూ పొరపాటే. కెపాసిటర్‌ లోపల అల్యూమినియం రేకుపై ఉండే పలుచని ఆక్సైడు పొరే దానికి రక్షణ. ఏళ్ల తరబడి విద్యుత్తు అందకపోతే ఆ పొర బలహీనపడుతుంది. అటక మీద నుంచి దింపిన కంప్యూటర్‌ను ఒక్కసారిగా 230 వోల్టులకు కలిపినప్పుడు పెద్ద శబ్దంతో కెపాసిటర్‌ పగలడానికి ఇదొక కారణం.

1999 నుంచి 2007 వరకు ప్రపంచమంతటా అమ్ముడైన పలు మదర్‌బోర్డులు, విద్యుత్‌ సరఫరా పెట్టెలలో నాసిరకం ఎలక్ట్రోలైట్‌తో చేసిన కెపాసిటర్లు చేరాయి. అవి నిర్ణీత కాలానికి ఎంతో ముందే ఉబ్బి, కారిపోయాయి. ఆ కాలపు పెట్టెలు నేటికీ ఎక్కడైనా వాడుకలో ఉంటే వాటిని రెట్టింపు అనుమానంతో చూడడం అవసరం.

మారిన ప్రమాణాలు, మారని పెట్టె

పెట్టె ఆరోగ్యంగానే ఉన్నా, కొత్త మదర్‌బోర్డుకు అది తగినది కాకపోవచ్చు. కంప్యూటర్‌ విద్యుత్తును వాడుకునే పద్ధతి గత ముప్పై ఏళ్లలో గణనీయంగా మారింది.

1995కు ముందు వాడుకలో ఉన్న ఏటీ రకం పెట్టెలలో క్యాబినెట్‌ ముందువైపు స్విచ్చు వరకు 230 వోల్టుల తీగలే వచ్చేవి. మదర్‌బోర్డుకు తగిలించే రెండు కనెక్టర్లను తారుమారు చేస్తే బోర్డు కాలిపోయేది. 1995లో ఇంటెల్‌ రూపొందించిన ఏటీఎక్స్‌ ప్రమాణం ఈ రెండు లోపాలనూ తొలగించింది. ముందున్న మీట ఒక సంకేతాన్ని మాత్రమే పంపుతుంది. అయితే కంప్యూటర్‌ను ఆపివేసినా 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా కొనసాగుతూనే ఉంటుంది. పిడుగులు పడే వేళ తెరను ఆర్పివేస్తే చాలదని, ప్లగ్గును సాకెట్టు నుంచి తీయవలసిందేనని చెప్పడానికి కారణం ఇదే.

తొలినాటి ఏటీఎక్స్‌ కంప్యూటర్లలో ప్రాసెసర్‌కు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం 5, 3.3 వోల్టుల తీగల నుంచి వచ్చేది. 2000 సంవత్సరంలో పెంటియం 4తో పాటు 12 వోల్టుల ప్రత్యేక కనెక్టర్‌ వచ్చింది. 2003లో మదర్‌బోర్డు కనెక్టర్‌ 20 పిన్నుల నుంచి 24 పిన్నులకు పెరిగింది. నేటి ప్రాసెసర్లు, గ్రాఫిక్స్‌ కార్డులు దాదాపు పూర్తిగా 12 వోల్టుల మీదనే ఆధారపడతాయి. పాత పెట్టె 12 వోల్టులలో తక్కువ, 5 వోల్టులలో ఎక్కువ శక్తిని ఇచ్చేలా తయారైంది. పైగా పాత నమూనాలు చాలావరకు ఈ వోల్టేజీలన్నిటినీ కలిపి ఒకే వలయంతో నియంత్రిస్తాయి. ఒకవైపే భారం పడినప్పుడు 12 వోల్టులు కిందికి జారుతాయి, 5 వోల్టులు పైకి ఎగబాకుతాయి. ఆ తప్పుడు వోల్టేజీ హార్డ్‌ డిస్కుకు చేరితే, అందులో ఉన్న ఫొటోలు, విద్యార్థి ప్రాజెక్టు, ఇంటి లెక్కలు పోయే అవకాశం ఉంటుంది. హార్డ్‌ డిస్కు మళ్లీ కొనవచ్చు. అందులోని సమాచారం దుకాణంలో దొరకదు.

2013లో వచ్చిన కొన్ని ప్రాసెసర్లతో దీనికి భిన్నమైన సమస్య బయటపడింది. విశ్రాంతి స్థితిలో అవి 12 వోల్టుల తీగ నుంచి అత్యల్పంగా మాత్రమే విద్యుత్తు తీసుకుంటాయి. కనీస భారం ఉంటే తప్ప స్థిరంగా నిలవలేని పాత పెట్టెలు అటువంటి సమయంలో ఆగిపోవచ్చు. మరోవైపు, శక్తిమంతమైన గ్రాఫిక్స్‌ కార్డులు క్షణమాత్రం భారీగా విద్యుత్తును లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్‌ 3.0 ప్రమాణం సెకనులో పదివేలవ వంతు కాలం తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని పెట్టె తట్టుకోవాలని నిర్దేశించింది. ఇటువంటి ఆటుపోట్లు పాత పెట్టెల రూపకల్పనలో ఊహకు కూడా రానివి.

పాత పెట్టెల వెనుకవైపు కనిపించే చిన్న ఎర్ర స్విచ్చు మరో ప్రమాద స్థానం. అది 115 వోల్టుల దేశాలకూ, 230 వోల్టుల దేశాలకూ మధ్య మార్పిడి కోసం ఉద్దేశించినది. మన దేశంలో ఎవరైనా తెలియక దానిని 115 వైపు జరిపితే, 200 వోల్టులు తట్టుకునే కెపాసిటర్లపై 325 వోల్టులు పడతాయి. పేలుడు శబ్దం, పొగ ఆ వెంటనే వస్తాయి. ఈ స్విచ్చు ఉన్న పెట్టెను వాడుతున్నవారు అది 230 మీదనే ఉందని సరిచూసి, పిల్లల చేతికి అందకుండా దానిపై గట్టి టేపు అతికించడం మంచిది. కొత్త పెట్టెలలో అత్యధికం 100 నుంచి 240 వోల్టుల వరకు తామే సర్దుకుంటాయి.

నిప్పు, షాకు: అసలు ముప్పు

మంచి పెట్టెలో రక్షణ వలయాలు కొన్ని ఉంటాయి. వోల్టేజీ హద్దు మించినా, తగ్గినా, షార్ట్‌ సర్క్యూట్‌ అయినా, భారం మితిమీరినా, లోపల వేడి పెరిగినా అవి సరఫరాను ఆపివేస్తాయి. పాత పెట్టెలలో, చవకబారు కొత్త పెట్టెలలో వీటిలో కొన్ని ఉండవు. అటువంటివి విఫలమైనప్పుడు తమతో పాటు మదర్‌బోర్డును, డిస్కును కూడా బలిగొనవచ్చు. మంచి పెట్టె పాడైతే అదొక్కటే పోతుంది. ధరలోని తేడాకు అర్థం ఇదే.

క్యాబినెట్‌ ఇనుప భాగాన్ని తాకినప్పుడు చేతికి చిమచిమలాడినట్లు అనిపించడం చాలా ఇళ్లలో అనుభవమే. దానిని చాలామంది తేలికగా తీసుకుంటారు. ఎస్‌ఎంపీఎస్‌ లోపలి వడపోత కెపాసిటర్లు రెండు తీగల నుంచి ఇనుప పెట్టెకు కలిపి ఉంటాయి. ఎర్తింగు సక్రమంగా ఉంటే ఆ స్వల్ప ప్రవాహం భూమిలోకి పోతుంది. ఎర్తింగు లేకపోతే ఇనుప పెట్టె సుమారు 115 వోల్టుల వద్ద తేలుతూ ఉంటుంది. అక్కడ ప్రవాహం అతి స్వల్పం కనుక సాధారణంగా ప్రాణహాని ఉండదు. కానీ ఆ చిమచిమ ఒక హెచ్చరిక. లోపలి ఇన్సులేషన్‌ చెడిన రోజున ఆ ఇనుప పెట్టెలోకి పూర్తి విద్యుత్తు వస్తుంది. దానిని భూమికి మళ్లించే మార్గం ఇంట్లో లేదని ఆ చిమచిమ ముందే చెబుతోంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచివేయడం, రెండు పిన్నుల అడాప్టరు తగిలించడం ఆ మార్గాన్ని స్వయంగా మూసివేయడమే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని ఇంటి బోర్డులో అమర్చుకుంటే ప్రాణరక్షణకు అదనపు భరోసా లభిస్తుంది.

పెట్టె లోపల పేరుకున్న దుమ్ము వర్షాకాలపు తేమను పీల్చి విద్యుత్తుకు దారి ఇస్తుంది. వెచ్చదనం కోసం బొద్దింకలు, బల్లులు లోపలికి చేరి షార్ట్‌ సర్క్యూట్‌కు కారణమవుతాయి. పొగ గాని, కాలిన వాసన గాని వస్తే ముందుగా గోడ స్విచ్చును, వీలుకాకపోతే మెయిన్‌ స్విచ్చును ఆపాలి. నీళ్లు చల్లరాదు. కార్బన్‌ డయాక్సైడ్‌ లేదా పొడి రసాయన అగ్నిమాపకాన్నే వాడాలి. మంటలు అదుపులోకి రాకపోతే గది వదిలి బయటకు వచ్చి 101 గాని, 112 గాని పిలవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు. అందువల్ల దుమ్ము దులపడానికైనా సరే, శిక్షణ లేనివారు ఎస్‌ఎంపీఎస్‌ మూత తెరవరాదు. బయటి జాలీపై పడిన దుమ్మును కుంచెతో తుడవడం వరకే ఇంట్లో చేయదగిన పని.

కొత్తదైనంత మాత్రాన క్షేమమని కాదు

పాతదంతా ప్రమాదం, కొత్తదంతా క్షేమం అనుకోవడం కూడా సరికాదు. తక్కువ గంటలు పనిచేసిన, మంచి తయారీ గల ఆరేళ్ల పెట్టె, నిన్న కొన్న నాసిరకం పెట్టె కంటే అన్ని విధాలా మేలు కావచ్చు. చవక పెట్టెలపై పెద్ద అక్షరాలతో ముద్రించే వాట్ల సంఖ్యను యథాతథంగా నమ్మలేము.

దీనిని పరీక్షించడానికి లెక్క ఒకటి చాలు. పెట్టెపై అతికించిన పట్టికలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి, ఆ సంఖ్యను 12తో హెచ్చించాలి. 450 వాట్లని చెప్పుకుంటున్న పెట్టెలో 12 వోల్టుల తీగకు 16 ఆంపియర్లే ఉంటే, అక్కడ లభించేది 192 వాట్లు మాత్రమే. అదే 36 ఆంపియర్లు ఉంటే 432 వాట్లు. నేటి కంప్యూటర్‌కు అక్కరకు వచ్చేది ఈ రెండవ రకమే. ఆంపియర్ల పట్టికే లేని పెట్టెను కొనకపోవడం ఉత్తమం.

ఎలక్ట్రానిక్‌, సమాచార సాంకేతిక వస్తువులకు భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదును తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2012లో ఉత్తర్వు జారీ చేసింది. ఆ తరువాత దాని పరిధిని దశలవారీగా విస్తరించింది. వస్తువుపై ప్రమాణ సంఖ్య, ఆర్‌ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయేమో చూడడం, రసీదు, వారంటీ పత్రం అడిగి తీసుకోవడం కొనుగోలుదారుకు రక్షణ. 2004లో మొదలైన 80 ప్లస్‌ అనే స్వచ్ఛంద గుర్తింపు విద్యుత్‌ పొదుపు సామర్థ్యాన్ని తెలుపుతుంది. భద్రతకు అది పూర్తి హామీ కాదు గాని, తయారీ నాణ్యతకు ఒక సూచన.

కొత్త పెట్టెలతో కొత్త తరహా పొరపాట్లు కూడా వచ్చాయి. విడదీసి తగిలించుకునే తీగలున్న పెట్టెలలో ఒక నమూనా తీగలను మరో నమూనాకు తగిలించరాదు. కనెక్టర్‌ సరిగ్గా పట్టినా లోపలి తీగల వరుస వేరుగా ఉండి డిస్కులు కాలిపోవచ్చు. కొన్ని బ్రాండెడ్‌ కంప్యూటర్ల విషయంలోనూ ఇదే పరిస్థితి. చూడడానికి మామూలు కనెక్టర్‌లాగే ఉన్నా తీగల అమరిక ఆ సంస్థకే ప్రత్యేకమై ఉండవచ్చు. 2022లో వచ్చిన కొత్త తరం గ్రాఫిక్స్‌ కార్డుల కనెక్టర్లు కొన్ని, పూర్తిగా లోపలికి దిగనప్పుడు వేడెక్కి కరిగిన సంఘటనలు వివిధ దేశాల నుంచి వెలుగులోకి వచ్చాయి. ఆ తరువాత కనెక్టర్‌ రూపాన్ని సవరించారు.

బాగా పాత కంప్యూటర్‌ను అలాగే నడుపుకోవాలనుకునేవారు సైతం ఒక విషయం గుర్తుంచుకోవాలి. అటువంటి యంత్రం 5 వోల్టుల నుంచే ఎక్కువ శక్తిని కోరవచ్చు. కొత్త పెట్టె ఆ తీగలో తగినన్ని ఆంపియర్లు ఇస్తుందో లేదో పట్టికలో సరిచూసుకోవాలి.

ఇన్వర్టరుతో పొత్తు

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు గాని, యూపీఎస్‌ గాని భారాన్ని అందుకునే వరకు కంప్యూటర్‌ను నిలబెట్టేది ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్లే. కొత్త పెట్టె సుమారు 16 మిల్లీ సెకన్ల పాటు నెట్టుకురావాలని ప్రమాణం. కెపాసిటర్లు అరిగిన పెట్టెలో ఈ వ్యవధి తగ్గిపోతుంది. యూపీఎస్‌ ఉన్నా కరెంటు పోగానే కంప్యూటర్‌ ఆగిపోతుంటే, తప్పు ప్రతిసారీ బ్యాటరీదే అనుకోనక్కరలేదు.

మరోవైపు, కొత్త పెట్టెలలో ఉండే పవర్‌ ఫ్యాక్టర్‌ నియంత్రణ వలయానికి కొన్ని పాత చవకరకం ఇన్వర్టర్లు ఇచ్చే చదరపు తరంగం సరిపడదు. అటువంటి జోడీలో కంప్యూటర్‌ ఆగిపోవడం, యూపీఎస్‌ ట్రిప్‌ కావడం జరగవచ్చు. కొత్త ఎస్‌ఎంపీఎస్‌ను కొనేవారు ఇంట్లోని ఇన్వర్టరు సైన్‌వేవ్‌ రకమేనా అని ముందుగా తెలుసుకోవడం, ఇన్వర్టరులో యూపీఎస్‌ మోడ్‌ ఉంటే దానిని ఎంచుకోవడం మేలు.

బిల్లులో కనిపించని ఖర్చు

పాత పెట్టె వాడకం ఉచితమేమీ కాదు. కంప్యూటర్‌కు 100 వాట్లు కావాలనుకుందాం. 65 శాతం సామర్థ్యంతో పనిచేసే పాత పెట్టె అందుకు గోడ నుంచి 154 వాట్లు తీసుకుంటుంది. 85 శాతం సామర్థ్యం గల పెట్టెకు 118 వాట్లు చాలు. తేడా 36 వాట్లు. రోజుకు ఆరు గంటల వాడకంతో ఏడాదికి సుమారు 79 యూనిట్లు. సమీపంలోనే సీపత్‌, కోర్బా విద్యుత్‌ కేంద్రాలున్న ప్రాంతంలో కరెంటుకు కొదవ ఏమిటని అనిపించవచ్చు. కానీ ఆ 36 వాట్లు మరెక్కడికో పోవు, పెట్టె లోపలే వేడిగా మారి కెపాసిటర్లను మరింత త్వరగా వృద్ధాప్యానికి చేరుస్తాయి. చెల్లించిన డబ్బే యంత్రాన్ని పాడుచేయడానికి ఖర్చవుతున్నదన్నమాట.

ఎప్పుడు మార్చాలి?

కారణం లేకుండా కంప్యూటర్‌ తనంతట తాను పునఃప్రారంభం కావడం, ఆటలు గాని వీడియోలు గాని నడుస్తుండగా ఆగిపోవడం, మీట రెండు మూడుసార్లు నొక్కితే తప్ప మొదలుకాకపోవడం, ఫ్యాను గరగరలాడడం లేదా తిరగకపోవడం, సన్నని ఈల శబ్దం, కాలిన వాసన, జాలీలోంచి చూస్తే ఉబ్బిన కెపాసిటర్లు కనిపించడం ముఖ్యమైన హెచ్చరికలు. కంప్యూటర్‌ ప్రారంభంలో తెరిచే బయాస్‌ పుటలో వోల్టేజీల అంకెలు కనిపిస్తాయి. అవి ఉజ్జాయింపు మాత్రమే. 12 వోల్టులు 11.4 కంటే తక్కువగా చూపితే మెకానిక్‌ చేత మీటరుతో కొలిపించడం అవసరం.

ఎటువంటి లక్షణం లేకపోయినా, మదర్‌బోర్డును మార్చే సందర్భంలో పదేళ్లు దాటిన ఎస్‌ఎంపీఎస్‌ను కూడా మార్చడమే వివేకం. 24 పిన్నుల బోర్డుకు 20 పిన్నుల పెట్టెను, గ్రాఫిక్స్‌ కార్డుకు హార్డ్‌ డిస్కు తీగను మార్పిడి కనెక్టర్ల ద్వారా తగిలించుకోవడం తాత్కాలిక ఉపాయంగా కనిపించినా, సన్నని తీగలపై మోయలేని భారం మోపడమే అవుతుంది. వాడిన పెట్టెను కొనవలసివస్తే దాని తయారీ సంవత్సరం, ఆంపియర్ల పట్టిక తప్పక చూడాలి. ఏ మార్పు చేసే ముందైనా డిస్కులోని ముఖ్యమైన సమాచారాన్ని మరొక చోట భద్రపరచుకోవాలి.

తీసివేసిన పెట్టె ఎక్కడికి?

తొలగించిన పెట్టెను కబాడీకి తూకానికి అమ్మడం అలవాటు. రాగి కోసం అక్కడ తీగలను కాల్చితే ప్లాస్టిక్‌ నుంచి విషవాయువులు వెలువడతాయి. పాత సర్క్యూట్‌ బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్‌ 1 నుంచి అమలులోకి వచ్చిన ఇ–వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, ఇటువంటి వస్తువుల పునఃశుద్ధిని నమోదు పొందిన సంస్థలే చేయాలని, తయారీదారులు దానికి బాధ్యత వహించాలని చెబుతున్నాయి. కొత్తది కొనేచోట పాతదానిని తిరిగి తీసుకునే ఏర్పాటు ఉందా అని అడగడం సులభమైన మార్గం. పాడైన పెట్టెను ఎవరికైనా ఉచితంగా ఇచ్చివేయడం ఉపకారం కాదు. ప్రమాదం చిరునామా మారుతుందంతే.

కంప్యూటర్‌ కొనేటప్పుడు ప్రాసెసర్‌ వేగం, మెమరీ పరిమాణం గురించి అందరూ అడుగుతారు. ఎస్‌ఎంపీఎస్‌ ఏ సంవత్సరానిది, 12 వోల్టులలో ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది, ఇంట్లో ఎర్తింగు సరిగ్గా ఉందా అన్న మూడు ప్రశ్నలు కూడా అడిగితే, రెండు వేల రూపాయలు మిగుల్చుకునే ప్రయత్నంలో ఇరవై వేల యంత్రాన్ని పోగొట్టుకునే పరిస్థితి రాదు.